పీరమ్మవ్వ గాజుతొట్టి

నీళ్ళు మోసేవాడికి నీళ్ళంటే బరువు, అంతే. మూడో తరగతిలో ఉండగా మా నాయనకు నడుము పడిపోతే, పలక అటక మీద పారేసి పీపా బండి ఎక్కాను. అప్పటినుంచి బేతంచెర్లలో ఏ ఇంటి తొట్టికి ఎన్ని కడవలు పడతాయో, ఏ బావి ఏ నెలలో అడుగంటుతుందో నా భుజాలకు తెలుసు. నీళ్ళను మాత్రం ఏనాడూ చూసిన పాపాన పోలేదు. చూడడానికి ఏముంది? బావిలో వంగి చూస్తే నల్లగా ఉంటాయి, పీపాలో తుప్పు రంగు, కడవలో కడవ రంగు. బాగున్నాయని మెచ్చుకునేవాళ్ళు బావిని మెచ్చుకుంటారు గాని మోసినవాణ్ణి మెచ్చుకోరు. మా ఇంటి కుండ ఊళ్ళో కుండలన్నీ నిండాకే నిండేది. అంతదాకా ఆగలేక నా భార్య పక్కింటికి పోయి చెంబుతో చేబదులు తెచ్చుకునేది. నీళ్ళవాడి పెళ్ళాం నీళ్ళు అడుక్కుంటోందని నవ్వినవాళ్ళు ఇంకా ఉన్నారు. నేను ఒక్కరినీ మరిచిపోలేదు.

అటువంటి నేను ఒక ఎండాకాలం పగటిపూట, నేను మోసిన నీళ్ళ ముందే నోరు తెరుచుకుని కూర్చున్నాను.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. మా ఊరి నాపరాళ్ళకు గిరాకీ పెరిగింది. స్టేషను పక్కన ఇమాం బాషా అని ఒకాయన కార్ఖానా పెట్టి, రాళ్ళు కోయించి, పాలిష్ పట్టించి కర్నూలుకు పంపేవాడు. పాలిష్ పనికి నీళ్ళు లేనిదే చేయి ఆడదు కాబట్టి ఆ కార్ఖానాకూ, దాని వెనకే ఉన్న ఆయన ఇంటికీ నా బండి రోజూ పోయేది.

ఇమాం బాషా తల్లి పీరమ్మవ్వ. ఆమె పుట్టింది సుంకేసుల పక్కన, తుంగభద్ర ఒడ్డు పల్లెలో. పెళ్ళయి ఈ రాళ్ళలోకి వచ్చింది, మళ్ళీ ఏరు చూడలేదు. ఆ ఏడు చలికాలంలో కొడుకు కొత్తగా పరిపించిన పాలిష్ బండల మీదే కాలు జారి తుంటి విరిగింది. కట్టు కట్టించినా ఎముక అతకలేదు. ఎడమ పక్కకు ఒత్తిగిలి మంచం మీద పడుకుంటే అదే పడక. లేవలేదు, తిరగలేదు, తల ఎత్తలేదు. కళ్ళముందు గోడ, ఆ గోడలో చిన్న కిటికీ. అదే ఆమె లోకం.

ఒకరోజు కొడుకును అడిగిందట, ఏట్లో చేపలు తిరిగేది ఒక్కసారి చూడాలని ఉండాది నాయనా అని. ఆయన ఎక్కడినుంచో నాలుగు చేపలు తెప్పించి, గంగాళంలో వేసి మంచం పక్కన పెట్టాడు. తల ఎత్తలేని మనిషికి గంగాళంలోకి ఎట్లా కనిపిస్తుంది? అవ్వ చాలాసేపు ఆ గంగాళం పక్కను చూసి, "ఇత్తడి బాగుండాదిలే" అందట. ఆ మాట కొడుకు గుండెలో దిగబడింది. మద్రాసులో తెలిసినవాళ్ళను పట్టుకుని, చేపలను పక్కనుంచి చూసే గాజుతొట్టి ఒకటి తెప్పించాడు.

గడ్డి చుట్టిన చెక్కపెట్టెలో గూడ్సు బండి మీద వచ్చింది అది. ఇనుప చట్రానికి నాలుగు వైపులా గాజు పలకలు, అడుగున నల్లరాయి. మంచం పక్కన, అవ్వ కళ్ళకు సరిగ్గా ఎదురుగా బండలతో తిన్నె కట్టించి దాని మీద పెట్టించాడు. చేపల కోసం తనే కర్నూలు పోతూ నాకు అప్పగింతలు చెప్పాడు.

"నరసన్నా, ఏట్లో మడుగులు ఇంగిపోకముందే చేపలు పట్టించుకుని రేపు సాయంత్రం బండికి వస్తా. బిందెలో చేపలు తెల్లారేదాకా నిలవవు. నేను వచ్చేలోపల తొట్టి కడిగి నింపి పెట్టు. సబ్బు మాత్రం తాకనీయొద్దప్పా. సబ్బు వాసన తగిల్నా చేప బతకదంట."

మరునాడు ఉదయం పోయాను. వీధిలో ఆడవాళ్ళు కడవలు వరస పెట్టుకుని నా బండి కోసం ఎదురుచూస్తున్నారు. బావి అడుగంటి ఉంది. తెల్లవారుజామున ఊరిన నీళ్ళు తోడుకుంటే మళ్ళీ మరునాటిదాకా ఊరవు. అందులో ఒక పీపా ఈ గాజుపెట్టెకు. తాగడానికి కాదు, వండడానికి కాదు, చూడడానికి.

"మనుషుల నాలుకలు పిడచకట్టుకుంటాంటే చేపలకు అద్దాల మేడ" అన్నాను, కడవ దించుతూ.

ఇమాం బాషా భార్య మాబీ గుమ్మంలో నిలబడి పెదవుల మీద వేలు పెట్టింది. "మెల్లగా అనన్నా, మా అత్త వింటాది."

"వింటానే ఉండా" అంది మంచం మీదినుంచి పీరమ్మవ్వ. "కాలు పోయింది గాని చెవులు యాడికీ పోలేదు. నరసన్నా, నువ్వు పుట్టినప్పటినుంచి గొణుగుతానే ఉండావు. గొణుక్కుంటానే కడుగు. అట్లయితే పని బిన్నా తెములుతాది."

తొట్టి లోపల గడ్డి పోచలు, దుమ్ము, గాజు అతికించిన మెత్తని మందు పలుకులు ఉన్నాయి. తడిగుడ్డ పట్టుకుని వంగాను. నుదురు ఠప్పున దేనికో తగిలింది. చూస్తే గాజు. అక్కడ ఏమీ లేదనుకున్నాను. అవ్వ నవ్వింది. ఆ నవ్వుకు తుంటి కదిలి "అమ్మా" అని మూలిగి మళ్ళీ నవ్వింది.

"లేదనుకుంటివా?"

"కనపడల్యా అవ్వా."

నిజంగానే కనపడలేదు. ఒక పక్క నా చేయి, ఆ పక్క అవ్వ చేయి, మధ్యలో ఏమీ లేదు, ఉంది. వేలు పెట్టి నొక్కితే రాయంత గట్టి. చూస్తే గాలి. నేను ఊరికే నాలుగైదు సార్లు వేలు పెట్టి నొక్కి చూశాను.

దుమ్ము పోయింది గాని గాజును అతికించిన మందులోని నూనె పోలేదు. లోపలివైపు పలకల నిండా వేలిముద్రలు, నూనె మరకలు. నీళ్ళు పోస్తే నిలవకుండా చుక్కలు చుక్కలుగా జారిపోతున్నాయి. గుడ్డతో రుద్దితే మరక ఇంకొంచెం వెడల్పయింది. సబ్బు వద్దన్నారు. నిమ్మకాయ తెచ్చి రుద్దాం అంది మాబీ. అదీ ఒక మూల తప్ప పోలేదు.

అప్పుడు వచ్చాడు ఏసేపు. కార్ఖానాలో పాలిష్ పనికి ఆయన పెద్ద. ఏసేపు చేయి పడితే నాపరాయిలో మీసం దువ్వుకోవచ్చని స్టేషను మాస్టరు కూడా అనేవాడు. అన్నం తిని, చేయి కడుక్కుంటూ గుమ్మంలోకి తొంగిచూశాడు.

"ఏం నరసన్నా, గాజుకు తలంటి పోస్తాండావా?"

"నూనె పట్టింది. సబ్బు వద్దంట."

"సబ్బు ఎందుకప్పా, మన పొడి ఉండాది గదా" అన్నాడు ఏసేపు. పోయి సంచి తెచ్చాడు. రాయి గరుకంతా పోయాక చివరి మెరుపుకు వేసే పొడి అది, చేత్తో పట్టుకుంటే పిండిలా ఉంటుంది. ఆ పొడిని ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తడిపిన గోనెగుడ్డ మీద చల్లి, మోచేతిదాకా తొట్టిలోకి పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. నేను పైనుంచి సన్నగా నీళ్ళు పోశాను. ఏసేపు రుద్దడం, నేను పోయడం మాకు కార్ఖానాలో అలవాటైన పని. ఒకరికొకరు చెప్పుకోనక్కర లేదు.

నూనె ముక్కలు ముక్కలుగా లేచి పోయింది. గాజు తేటబడింది. ఏసేపు గర్వంగా నా వైపు చూశాడు. ఒకటి మెరిసి మూడు మెరవకపోతే ఎట్లా అని నాలుగు పలకలూ లోపలంతా రుద్దాడు, మూలలు కూడా వదల్లేదు. పొడి అంతా పోయేదాకా కడిగి, మురికినీళ్ళు తోడేసి, గుడ్డతో తుడిచి ముగ్గురం వెనక్కు జరిగి నిలబడ్డాం.

మే నెల గాలి. కిటికీలోంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు కొడుతోంది. ముందు పలక పైమూలలో చిన్న తెల్లమచ్చ కనిపించింది. తుడవలేదేమో అని గుడ్డ పెట్టాను. పోలేదు. మచ్చ కిందికి పాకింది. చూస్తుండగానే పక్క పలకలోనూ పాకింది. తడి ఆరినంతమేరా తెల్లబడుతూ, కంట్లో పువ్వు వేసినట్టు నాలుగు పలకలూ పాలరంగుకు తిరిగాయి. ఆ పక్కన ఉన్న అవ్వ ముఖం పోయింది. చేయి పోయింది. పొగలో మనిషి ఉన్నట్టు ఒక నీడ మిగిలింది.

ఏసేపు వేలి గోటితో లోపల గీరి చూశాడు. గాజు చర్మమే గరుకెక్కింది. రాయికి మెరుపు తెచ్చే పొడి గాజు మెరుపును తినేసింది.

"రాయిని అద్దం చేసినోడివని పేరు" అన్నాను. నా నాలుక ఊరుకోదు. "అద్దాన్ని రాయి చేసినావు గదప్పా."

ఏసేపు చెంబెడు నీళ్ళు పలక మీద పోశాడు. నీళ్ళు జారిన మేరకు తేటగా అయింది, మళ్ళీ అవ్వ కన్ను ఒకటి కనిపించింది. ఊపిరి బిగబట్టి చూశాం. గాలి తగిలింది. కన్ను పోయింది.

మాబీ గోడకు ఆనుకుని కూర్చుంది. "ఆయన చేపలు పట్టుకుని బండి ఎక్కి ఉంటాడు" అంది. "డోనులో బండి మారతా ఉంటాడు ఈ పాటికి. ఏం చూపిస్తాడు ఈమెకు?"

"ఇంకోసారి నీళ్ళు పోస్తే..." అన్నాను.

"వద్దు" అన్నాడు ఏసేపు. "పాలిష్ పట్టని రాయిని తడిపి అమ్మేవాళ్ళను నువ్వు చూడల్యా? బేరగాడు వస్తానే చెంబుతో నీళ్ళు చల్లి, చూడు సామీ ఎట్ల మెరుస్తాందో అంటారు. ఊరు చేరేసరికి బూడిద రంగు. అట్లాంటోళ్ళ మొగాన ఉమ్మినోణ్ణి నేను. తడిమెరుపు మెరుపు కాదప్పా, అబద్ధం."

"ఏమైందిరా ఆడ?" అంది పీరమ్మవ్వ.

మాబీయే చెప్పింది, ఉన్నదున్నట్టు. తెల్లబడిన గాజు వెనక అవ్వ నీడ కదలకుండా ఉంది. ఏడుస్తోందేమో అనుకున్నాను.

"ఏసేపూ" అంది.

"అవ్వా."

"తడి ఉన్నంతసేపూ కనపడతాది అంటావు."

"కనపడతాదవ్వా. ఆరితే పోతాది."

"తొట్టి నిండా నీళ్ళు పోసినాక ఎట్ల ఆరతాదిరా?"

ఏసేపు నన్ను చూశాడు. నేను మాబీని చూశాను. మా ముగ్గురికీ ఆ మాట తోచలేదంటే తెలివి తక్కువై కాదు. ఈ సీమలో పుట్టినవాళ్ళకు తడి అంటే ఆరిపోయేది. వంకలు ఆరిపోతాయి, బావులు ఆరిపోతాయి, చెరువు నడుమ మేకలు మేస్తాయి. ఆరని తడి ఒకటి ఉంటుందని మేం ఎక్కడ చూశాం? అది ఏటి ఒడ్డున పుట్టినదానికి తెలిసింది.

ఏసేపుకు ఇంకా నమ్మకం కుదరలేదు. "చెంబు నీళ్ళు జారితే కనపడింది సరే. నిండా నిలబడినాక కూడా కనపడతాదని ఏం తెలుసు? నీళ్ళన్నీ పోసినాక తెల్లగానే ఉంటే?"

అదే నా భయమూ. బండిలో మిగిలింది ఒక్క పీపా. బావిలో ఏమీ లేదు. పోసినాక పనికిరాకపోతే వీధిలో కడవలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళ ముందు నేను ఏ ముఖంతో నిలబడాలి? దీంట్లో పోసిన నీళ్ళు తిరిగి తోడి ఇస్తే తాగుతారా?

"కొత్త కుండలో మొదటి నీళ్ళు చెట్టు మొదట్లో పోసేది గదా" అంది మాబీ సందేహంగా. "దీనికి కూడా..."

"మనం తాగేది కాదమ్మే, చూసేది" అంది అవ్వ. "పోయరా నరసన్నా. తప్పయితే నాది."

కడవ ఎత్తాను.

మొదటి కడవ అడుగురాయి మీద పడి చెల్లాచెదురుగా కొట్టుకుంది. రెండో కడవకు నీళ్ళు గాజును అందుకున్నాయి. నేను కడవ దించి మోకాళ్ళ మీద కూర్చున్నాను. పలక అడుగున, రెండు వేళ్ళ మేర, గాజు లేదు. పైన పాలరంగు, కింద ఏమీ లేదు. ఆ రెండింటి నడుమ దారం పట్టి గీసినట్టు ఒక గీత. ఆ గీత కింద నుంచి అవ్వ దుప్పటి మీది ఎర్రపూలు కనిపించాయి, నేను ఇంతకుముందు గమనించని పూలు.

"ఏసేపూ, రా ఈడికి."

"నేను రాను. నువ్వే చెప్పు" అన్నాడు, గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడి.

ఇంకో కడవ పోశాను. గీత లేచింది. ఇంకోటి. నేను తెల్లదనంలోకి నీళ్ళు పోస్తుంటే నీళ్ళు ఆ తెల్లదనాన్ని తాగుతూ పైకి వస్తున్నాయి. అవ్వ చేయి వచ్చింది. చేతి గాజులు వచ్చాయి. గడ్డం వచ్చింది. మాబీ లేచి నిలబడి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. బుగ్గ మీది ముడతలు, ముక్కు, ఆ తర్వాత రెండు కళ్ళూ గీత కిందికి వచ్చాయి. రెప్ప వేయకుండా నన్ను చూస్తున్నాయి. ఆ ముఖం మామూలుకంటే పెద్దగా, దగ్గరగా ఉంది. పండుముసలి ముఖం అంత స్పష్టంగా నేను ఎవరిదీ చూడలేదు, మా అమ్మది కూడా.

నేను బండికీ తొట్టికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. కడవ బరువు తెలియలేదు. ఆ మాట నేను అంటున్నానంటే నమ్మాల్సిందే, నా భుజాలు ఊరికే మాట పడేవి కావు.

నిండాక ఎదురుగా నేలమీద చతికిలబడ్డాను. నీళ్ళు నిలబడి ఉన్నాయి. పడుకుని ఉండే నీళ్ళు, బావిలో, గుంటలో, కడవలో ఎప్పుడూ ఆకాశం వైపు మొహం పెట్టి పడుకుని ఉండే నీళ్ళు, నా ఎదుట గోడలా లేచి నిలబడ్డాయి. వాటికి ఒక పక్క ఉంది. లోతు ఉంది. కిటికీ వెలుగు పైనుంచి దిగి అడుగురాయి మీద వల ఆడిస్తోంది. ఆ వల నీడ గోడ మీదికి, అవ్వ దుప్పటి మీదికి పాకి కదులుతోంది. తల వంచి కిందినుంచి పైకి చూస్తే నీళ్ళ పైకప్పు కనిపించింది, కరిగించిన వెండి పోసినట్టు. ఇన్నేళ్ళూ నేను ఆ కప్పును పైనుంచే చూశాను. లోపలివైపు ఇట్లా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. బావిలో కప్పకు తెలుసు, నాకు తెలియదు.

చేయి ముంచాను. మణికట్టు దగ్గర విరిగి పక్కకు జరిగింది. గభాలున లాగేసుకున్నాను. చేయి బాగానే ఉంది.

"ఇదేనా నేను మోసేది" అనుకున్నాను. పైకే అన్నానేమో, అవ్వ జవాబు చెప్పింది.

"అదేరా. మోసేవాడు చూడడు. చూసేవాడు మోయడు."

అప్పుడు ఏసేపు వచ్చాడు. ఎప్పుడు వచ్చాడో చూడలేదు, నా వెనకే నిలబడి ఉన్నాడు. గాజు మీద అరచేయి పెట్టాడు, బయటివైపు. చాలాసేపటికి గాని తీయలేదు.

సాయంత్రం బండికి ఇమాం బాషా బిందె చంకన పెట్టుకుని దిగాడు. మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. దారి పొడుగునా చెంబుతో నీళ్ళు తిరగబోస్తూ వచ్చాడట, చొక్కా అంతా తడి. లోపలికి వచ్చి తొట్టిని చూసి నిలబడిపోయాడు.

"సాబ్" అన్నాడు ఏసేపు, తలపాగా తీసి చేతిలో పట్టుకుని. "గాజు పాడు చేసినా."

"యాడ?"

"లోపలంతా."

ఇమాం బాషా వంగి ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు. "నాకేం కనపడల్యా."

"కనపడదు. నీళ్ళుండేంతవరకూ కనపడదు."

ఇమాం బాషాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. బిందె మూతి విప్పి మెల్లగా వంచాడు. ఏటి నీళ్ళతో పాటు బెడిసె చేపలు జారిపడ్డాయి. కొన్ని దారిలోనే పోయాయి, బతికినవి కాసేపు అడుగున ఒకదాన్నొకటి ఆనుకుని వణికాయి. తర్వాత ఒకటి కదిలింది. వెలుగులోకి వచ్చి పక్కకు తిరిగింది, కత్తి తిప్పినట్టు ఒక్క మెరుపు. అవ్వ ముఖం ఎదురుగా వచ్చి గాజు దగ్గర ఆగింది. నోరు తెరుస్తూ మూస్తూ ఆమెను చూసింది. ఆమె కూడా నోరు కొంచెం తెరిచింది.

"చిన్నప్పుడు మోకాటిబంటి నీళ్ళల్లో పొద్దంతా నిలబడి చూసేదాన్ని" అంది పీరమ్మవ్వ, ఎవరితో అంటున్నట్టూ కాదు. "వీపులే చూసినా. నల్లటి వీపులు. బతికుండే చేప మొగం ఇదే చూడడం."

కొడుకు మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను బయటికి వచ్చేశాను. వీధిలో కడవలు అట్లానే ఉన్నాయి. ఆ సాయంత్రం నేను పడ్డ తిట్లు రాస్తే బాగుండదు. మా ఇంటి కుండ కూడా నిండలేదు. నా భార్య ఆ రాత్రి మళ్ళీ చెంబు పట్టుకుని పక్కింటికి పోయింది.

మరునాడు వీధికంటే ముందు బండిని ఇమాం బాషా ఇంటి దగ్గర ఆపాను. గాలికి నీళ్ళు తగ్గి, పలక పైఅంచున వేలెడు మేర తెల్లగీత బయటపడింది.

"నరసన్నా" అంది అవ్వ, నా అడుగుల చప్పుడు విని. "గీత దిగిందిరా."

"దిగక ఏం చేస్తాది, ఈ ఎండకు. నేనొకణ్ణి దొరికినా గదా మీకు."

"గొణుక్కుంటానే పోయరా."

చెంబు వంచాను. తెలుపు పోయింది. చేపలు పైకి, ఆ కొత్త నీళ్ళలోకి వచ్చి, ఆ వెండి కప్పును మూతులతో తాకాయి. తాకిన చోట కప్పులో కూడా ఒక చేప తలకిందులుగా దిగి వచ్చి దాన్ని తాకింది.

బయట ఎద్దు మెడగంటలు ఆడిస్తోంది. వీధి చివర ఎవరో నా పేరు పెట్టి అరుస్తున్నారు. ఇంకొంచెంసేపు కూర్చున్నాను.